మా అమ్మాయికి పదికి పది

తెలుగు టీచరుగారికి,

నమస్కారం. పొగతాగడం వల్ల కలిగే నష్టాల మీద మా అమ్మాయి రాసిన వ్యాసానికి మీరు పదికి పది వేసి, తరగతిలో పైకి చదివించారట. సంతోషం. తప్పులు పట్టుకుందామని నేను రెండుసార్లు చదివాను. ఒక్క అక్షరదోషం కూడా దొరకలేదు.

నేను ఆరోగ్యశాఖ ఉద్యోగిని. పొగ మానమని చెప్పే పోస్టర్లు ఊరంతా అంటించేది మా సెక్షనే. "మా నాన్న పోస్టరు అంటించి, దాని కిందే నిలబడి సిగరెట్టు వెలిగిస్తారు" అని రాస్తే నా పరువేం కావాలి? మెట్లెక్కుతూ ఆయాసం దాచుకోవడానికి మధ్యలో ఆగి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు నటిస్తానని కూడా రాసింది. అది నటనని ఆ పిల్లకెలా తెలిసిందో!

నిలదీస్తే, "చూసిందే రాయమన్నారు మా టీచరు. కనపడకుండా తాగాల్సింది నాన్నా" అంది. నేను కేకలేయబోయాను. ఇంతలో వాళ్లమ్మ, నేను అలమరలో దాచిన రుమాలు తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టింది. దాని మీద నేను దగ్గినప్పుడు పడిన రక్తపు మరకలున్నాయి.

ఇకమీదట దోమల మీద రాయించండి. వాటికి పరువు బాధ లేదు.

గురువారం మాత్రం అమ్మాయికి సెలవివ్వాలి. నేను ఆసుపత్రికి వెళ్తున్నాను. డాక్టరు చెప్పింది ఇంటికొచ్చి సగమే చెబుతానట. తనే పక్కన కూర్చుని మొత్తం రాసుకుంటుందట.

ఇట్లు,
ఆ పిల్ల తండ్రి