గుడ్డు నీళ్ళ ట్యూబు

4 మార్చి, సోమవారం, లెగి సంత (మా సంత రోజులు అయిదు, ఒక్కోదానికి ఒక్కో పేరు)

ఆరోగ్య కేంద్రానికి కొత్త స్ట్రిప్పుల డబ్బా వచ్చింది. గర్భిణుల మూత్రంలో ముంచితే చాలట. పసుపుగానే ఉంటే మంచిది. ఆకుపచ్చకు తిరిగితే ఒంట్లోంచి ప్రోటీన్ పోతున్నట్టు, ప్రమాదం. నర్సమ్మ వినార్తి నా స్పిరిట్ దీపం, వెనిగర్ సీసా బీరువా మీద పెట్టించింది. ఇక నీ వంట చాలు సరీమన్ తాతా, కూర్చుని టీ తాగు అంది. నవ్వాను. ముప్పై ఏడేళ్ళు ఇక్కడ మూత్రం ట్యూబులు దీపం మీద కాచాను, కడిగాను. చేతులు ఊరికే ఉండవు.

డబ్బాలో చిన్న పొట్లం ఉంది. తినకూడదని బొమ్మ. విషం కాబోలు అని పారేశాను. దాని బదులు బియ్యం వేయించి, గుడ్డలో మూటగట్టి పెట్టాను. ఇంట్లో ఉప్పు డబ్బాలోనూ అదే చేస్తాం. మూట ఇంకా వేడిగా ఉండగానే మూత పెట్టేశాను. చెమ్మ పట్టదు. మంచి పని చేశాననిపించింది.

11 మార్చి, సోమవారం, పోన్ సంత

ఒకటే వాన. వచ్చిన వాళ్ళందరికీ పసుపే.

కోడలు లస్మి కూడా వచ్చింది. ఎనిమిదో నెల. బీపీ కాస్త ఎక్కువే గానీ స్ట్రిప్ నెగటివ్, భయం లేదు, వచ్చే సోమవారం చూద్దాం అంది నర్సమ్మ.

దారిలో లస్మి ఆగి కాళ్ళు చూపించింది. చూడు మామయ్యా, ఏనుగు పాదాలు, నా చెప్పులు ఇక నువ్వే వేసుకో అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా భార్య కార్తీకి ఆఖరి వారం పాదాలు ఇలాగే ఉబ్బాయి. తర్వాత ఫిట్స్ వచ్చాయి. అంతకంటే రాయలేను.

12 మార్చి, మంగళవారం

లస్మికి తలనొప్పి. కొడుకు లారీ మీద సురబాయ వెళ్ళాడు.

14 మార్చి, గురువారం, లెగి సంత. ఉదయం 11

పది రోజుల్లో నలభై ఒక్క మంది. ఒక్కరికీ ఆకుపచ్చ లేదు. ట్యూబుల కాలంలో నలభై మందిని చూస్తే ఇద్దరికో ముగ్గురికో ప్రోటీన్ విరిగి ట్యూబులో మబ్బు కట్టేది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా బాగుపడ్డారా?

పాత నర్సమ్మ సుమిని గుర్తొచ్చింది. రోజూ మొదట రెండు ట్యూబులు కాచమనేది. ఒకదాంట్లో ఉత్త నీళ్ళు, ఒకదాంట్లో తెల్లసొన కలిపిన నీళ్ళు. నీళ్ళు తేటగా ఉండాలి, గుడ్డు తెల్లబడాలి. అలా జరగని రోజున ఎవరి ట్యూబునూ నమ్మకురా అనేది. వాటిని కంట్రోల్ అనేది. స్ట్రిప్పులకు ఆ పని ఎవరూ చేయలేదు. నేనూ చేయలేదు.

ఇంటి నుంచి గుడ్డు తెచ్చాను. తెల్లసొన నీళ్ళలో కలిపి స్ట్రిప్ ముంచాను. పసుపు. ఇంకొకటి ముంచాను. పసుపు. ఉత్త నీళ్ళలో ముంచాను. అదే పసుపు.

డబ్బా మూత తిప్పి చూశాను. లోపల నీటి చుక్కలు. నా బియ్యం మూట తడిగా, ముద్దగా ఉంది. నేను పారేసిన పొట్లం చెమ్మ పీల్చడానికే పెట్టిందని, నా వేడి మూట ఆవిరికే స్ట్రిప్పులు పాడయ్యాయని అప్పుడు తట్టింది.

మధ్యాహ్నం 3

నర్సమ్మ గది గుమ్మం దాకా మూడుసార్లు వెళ్ళాను. మూడోసారి ఆవిడ తలెత్తి, ఏం కావాలి తాతా అంది. నోటికి వచ్చింది చెప్పాను. చీపురు అన్నాను. ఆవిడ నా వైపు చూసి, నీ చేతిలో ఉన్నదేంటి మరి అంది.

పని పోతుందన్న భయం కాదు. చెప్తే నిజమైపోతుందని.

15 మార్చి, శుక్రవారం. ఉదయం 6

కోడల్ని మూత్రం అడగడం ఎలా? తెల్లవారుజాము సుబహు నమాజు తర్వాత స్నానాల గది ముందు కప్పు పెట్టి, పెరట్లోకి వెళ్ళిపోయాను. తిరిగి వచ్చేసరికి కప్పు నిండి ఉంది, పైన అరిటాకు ముక్క కప్పి ఉంది. లోపలి నుంచే లస్మి అరిచింది, అడగడానికి అంత సిగ్గయితే రేపు మనవరాల్ని ఎలా ఎత్తుకుంటావు మామయ్యా అని.

ఉదయం 7

దీపం వెలిగించాను. నీళ్ళు తేట. గుడ్డు తెల్లన. దీపం అబద్ధం చెప్పడం లేదు.

లస్మి ట్యూబు అడుగున పట్టుకుని పై సగం మాత్రమే కాచాను. కింది సగం పోల్చి చూడటానికి. పైన కొబ్బరిపాలలా విరిగింది. కింద తేటగా ఉంది. మూడు చుక్కలు వెనిగర్ వేశాను. ఉత్త ఉప్పులైతే ఆ తెలుపు కరిగిపోవాలి, ప్రోటీనైతే కరగదు. కరగలేదు. ఇంకో చుక్క వేశాను. కరగలేదు.

ఉదయం 10

మూడు ట్యూబులూ, డబ్బా, బియ్యం మూటా నర్సమ్మ బల్ల మీద పెట్టాను. పొట్లం పారేసింది నేనే, బియ్యం పెట్టింది నేనే, స్ట్రిప్పులు చచ్చిపోయాయి అన్నాను. ఒక్క ఊపిరిలో.

నమ్మలేదు. తనే గుడ్డు నీళ్ళలో స్ట్రిప్ ముంచింది. పసుపే. నలభై ఒక్క మందికి ఏం లేదని రాసి పంపాను తాతా, నా చేత్తో, అంది. తిట్టింది. నేను తల వంచుకున్నాను. తర్వాత తనే, గుడ్డు ముంచి చూడాలని నాకూ తట్టలేదు అంది.

లస్మిని పిలిపించి బీపీ చూసింది. నూట డెబ్బై. వెంటనే పట్టణం ఆసుపత్రికి వ్యాన్ ఎక్కించింది. డ్రైవర్ టీ తాగుతుంటే గ్లాసు లాక్కుంది. వ్యాన్ కిటికీలోంచి లస్మి, కోళ్ళకు నూకలు వేయడం మర్చిపోకు మామయ్యా అంది. పెదాలు తెల్లగా ఉన్నాయి.

నర్సమ్మ నా వైపు తిరిగి, లిస్టు తీసుకో, ఇంటింటికీ వెళ్ళు, కప్పులు తీసుకురా, నీ దీపం ఆరిపోవడానికి వీల్లేదు అంది.

18 మార్చి, సోమవారం, క్లివోన్ సంత

ఆడపిల్ల. ఆపరేషన్ చేసి తీశారు. కిలోన్నర. అద్దాల పెట్టెలో ఉంది. లస్మికి ఫిట్స్ రాలేదు. కొడుకు ఫోన్లో ఏడ్చాడు. బియ్యం సంగతి వాడికి ఇంకా చెప్పలేదు.

లస్మిని మినహాయిస్తే నలభై మంది. ముప్పై తొమ్మిది కప్పులు కాచాను. ముగ్గురికి మబ్బు. ముగ్గురినీ పట్టణం పంపారు. మిగిలింది తుమీరా. ఏడో నెల. ఇంటికి తాళం. కొండ అవతల పుట్టింటికి వెళ్ళిందని పక్కింటామె చెప్పింది. స్ట్రిప్ బాగుందిగా, అందుకే ధైర్యంగా నడిచి వెళ్ళింది తాతా అంది. అక్కడ ఫోన్ అందదు. నర్సమ్మ మనిషిని పంపింది.

19 మార్చి, మంగళవారం

నీళ్ళు తేట. గుడ్డు తెల్లన. మూడో ట్యూబు కడిగి, ఆరబెట్టి, తుమీరా పేరు అతికించాను. ఖాళీగా ఉంది. దీపం ఆర్పలేదు.