తువ్వాయి ఎవరి దగ్గర ఉంది

చిట్టితల్లికి అమ్మమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ, నా కుడి కన్నూ, పక్క వాటా టైలరమ్మా కులాసా. నువ్వు కూడా కులాసాగా ఉన్నావని నీ నోటితో వింటే గానీ నాకు నమ్మకం కుదరదు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. కంట్లో చుక్కలు రోజుకు నాలుగుసార్లు వేసుకుంటున్నాను. ఆపరేషన్ చేసిన డాక్టరు అంతా బాగుందన్నాడు గానీ, ఆయన మొహం చూస్తే ఏదో దాస్తున్నట్లే అనిపించింది. గ్యాసు కట్టేశానా లేదా అని రెండుసార్లే చూస్తున్నాను, ఒట్టు. మీ నర్సింగు హాస్టల్లో మెట్లు ఎప్పుడూ తడిగానే ఉంటాయన్నావు, ఆ అరిగిపోయిన చెప్పులు పారెయ్యి. సూది వెయ్యడం నేర్పేటప్పుడు వేలికి గుచ్చుకుంటే దాచకుండా చెప్పు. మొదటి ఏడాది పిల్లల ఫోన్లు తీసుకుని దాచేస్తే చదువు బాగా వస్తుందేమో గానీ, నా ప్రాణం మాత్రం కుదుట పడటం లేదు.

తువ్వాయి ఎలా ఉందని ఒకే ఉత్తరంలో మూడుసార్లు అడిగావు. కింద గీత కూడా గీశావు. దాని సంగతికే వస్తున్నాను.

దానికన్నా ముందు ఇంకొకటి, నవ్వకు. నువ్వు కంప్యూటర్లో తువ్వాయిని పెంచుకునే ఆ పెంపుడు జంతువుల సైటులో నేనూ ఖాతా తెరిచాను. టైలరమ్మను పక్కన కూర్చోబెట్టుకుని తెరిచాను. వయసెంత అని అడిగింది కంప్యూటరు. డెబ్బై రెండు అని కొట్టాను.

"అదేమన్నా పోలీసా పిన్నిగారూ, అడగ్గానే నిజం చెప్పెయ్యడానికి?" అంది టైలరమ్మ.

"అబద్ధం రాస్తే తర్వాత పట్టుకుంటారేమోనే" అన్నాను.

కంప్యూటరు నాలుగు గుడ్లు చూపించి ఒకటి తీసుకోమంది. ఏది తీసుకుంటే మిగతా మూడూ ఏమవుతాయో అని అరగంట తేల్చుకోలేకపోయాను. చివరికి ఒకటి నొక్కితే అందులోంచి నత్త వచ్చింది. నిదానం అని పేరు పెట్టాను. పొద్దున ఒక ఆకు, మధ్యాహ్నం ఒక ఆకు వెయ్యాలి. "లేని జంతువుకి లేని ఆకు వేస్తూ ఉన్న అన్నం చల్లార్చుకుంటున్నారు, తినండి ముందు" అని టైలరమ్మ రోజూ దెప్పుతుంది.

ఈ వయసులో అమ్మమ్మకి ఇదేం పిచ్చి అని నీకు ఈపాటికి అనుమానం వచ్చే ఉంటుంది. రెండు ఆదివారాలు నువ్వు హాస్టలు ఆఫీసు నుంచి ఫోను చేసినప్పుడు చెబుదామని నోరు తెరిచాను. ఆ అయిదు నిమిషాలూ దగ్గుతో సరిపెట్టాను. అది దగ్గు కాదు తల్లీ.

తువ్వాయి మన దగ్గర లేదు.

ఆపరేషన్ అయ్యాక వారం రోజులు కంప్యూటరు వంక చూడొద్దన్నాడు డాక్టరు. రెండు రోజులు మేత పడకపోతే తువ్వాయికి జబ్బు చేస్తుందని నువ్వే రాసిపెట్టి వెళ్ళావు. టైలరమ్మకు అప్పజెబుదామంటే అప్పుడావిడ ఊళ్ళో లేదు. నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. ఆ సైటులోనే దత్తత ఇల్లు అని ఒక బొమ్మ ఉంది చూడు, పెంకుల కప్పు, గుమ్మంలో ఏప్రన్ కట్టుకున్న ఆవిడ. 'మీ జంతువును ఇక్కడ వదలండి, మేం చూసుకుంటాం' అని ఉంది. ఊరెళ్తూ పిల్లను పక్కింట్లో దింపి వెళ్ళినట్లే అనుకున్నాను. 'ఖాయమేనా?' అని మూడుసార్లు అడిగింది. ఎంత శ్రద్ధో అని మురిసిపోయి మూడుసార్లూ సరే నొక్కాను.

కట్టు విప్పాక వెళ్ళి చూస్తే దాని కొట్టం ఖాళీ. అక్కడ వదిలినదాన్ని ఎవరు ముందు అడిగితే వాళ్ళకే ఇచ్చేస్తారట. తీసుకున్నవాళ్ళకు మన జంతువునొకటి ఇచ్చి మార్పిడి చేసుకుంటే తప్ప తిరిగి రాదట. నీ పేరుతో అడిగితే దాన్ని వదిలేసింది నువ్వే అనుకుంటారని నా పేరుతో ఖాతా తెరిచాను. కొత్తవాళ్ళకు అయిదు రోజుల దాకా మార్పిడి కుదరదన్నారు. ఆ అయిదు రోజులూ నేను తిన్నదీ లేదు, కూర్చున్నదీ లేదు. వాళ్ళు దాన్ని ఇంకెవరికో ఇచ్చేస్తేనో? పేరు మార్చేస్తేనో?

ఆరో రోజు నత్తను పెట్టి తువ్వాయిని అడిగాను. అది మా మనవరాలిదనీ, నా వల్ల పొరపాటు జరిగిందనీ రాశాను. సాయంత్రానికి జవాబు వచ్చింది.

'నాకు తొమ్మిదేళ్ళు. మా పెద్దమ్మావాళ్ళింటికి కొత్తగా వచ్చాను. మీ మనవరాలిదైతే తీసేసుకోండి. నత్త వద్దు, అది మీదేగా. పర్లేదు, నాకు అలవాటే.'

ఆ పిల్ల తువ్వాయిని ఇచ్చేస్తున్నట్లు ఆ జవాబు కిందే పెట్టేసింది కూడా. నేను సరే నొక్కితే చాలు, వచ్చేస్తుంది. మూడు రోజులైంది. నొక్కలేదు.

మీ అమ్మ పోయాక నువ్వు నా దగ్గరికి వచ్చినప్పుడు నీకూ తొమ్మిదేళ్ళే. నెల రోజులు నాతో పలకలేదు. కంప్యూటర్లో ఆ నీలం దూడనే, మన తువ్వాయినే చూస్తూ, దాని రెక్కలు దువ్వుతూ, దానితోనే గుసగుసలాడేదానివి. ఉన్న మనిషిని వదిలి బొమ్మతో మాటలేమిటని నేను కసిరేదాన్ని కూడా. ఒకరోజు చుట్టాలొస్తే నీ దిండు తీసి వాళ్ళకిచ్చాను. "పర్లేదు అమ్మమ్మా, నాకు అలవాటే" అన్నావు. నువ్వు నాతో అన్న మొదటి మాట అదే. దాన్ని నేను మరిచిపోలేదు.

నిన్ను కాదని దాన్ని అక్కడ ఉంచే హక్కు నాకు లేదు. ఆ పిల్ల చేతిలోంచి లాక్కునే ధైర్యమూ లేదు. సోమవారం దాటితే ఆ మార్పిడి దానంతటదే రద్దవుతుందట. ఈ ఉత్తరం నీకు శనివారానికి అందుతుంది. ఆదివారం ఫోనులో తెమ్మను, తెస్తాను. ఉండనిమ్మంటే ఉంచుతాను. తిట్టాలనిపిస్తే తిట్టు, ఈసారి దగ్గను.

నిన్న ఆ పిల్ల ఇంకో ముక్క రాసింది. 'దాని ఎడమ చెవి కింద గోకితే కళ్ళు మూసుకుంటుంది, మీకు తెలుసా?' అని. నాలుగు నెలలు మేత వేశానే గానీ నాకు తెలియదు తల్లీ. నీకు తెలుసా?

ఇట్లు,
ఆదివారం కోసం ఫోను పక్కనే కూర్చుని ఉండే
నీ అమ్మమ్మ