ముంచిన పడవ, ఇంటికొచ్చిన ఇంజను

1967 ఏప్రిల్, మంగళవారం రాత్రి. ముక్త్యాల.

కృష్ణలో నీళ్లు తగ్గాయి. నాకూ మామయ్యకూ ఉమ్మడిగా ఉన్న రేవు పడవ ఇక వానలు పడేదాకా తిరగదు. పొద్దున ఇంజను విప్పించాను. లోపలి నీళ్లన్నీ వదిలి, డీజిలు తీసేసి, తుప్పు పట్టకుండా సిలిండర్లో ఆయిలు పోసి, గొట్టాల మూతుల్లో గుడ్డలు కుక్కి బండికెత్తాం.

ఆ తర్వాత పడవ నిండా రాళ్లు వేసి మడుగులో ముంచేశాం. ఎండకు చెక్కలు బీటలు వారకుండా మామయ్య ఏటా చేయించే పనే ఇది. ఇంజనులో చుక్క నీరు మిగలకూడదు, పడవ మీద నీరు తగ్గకూడదు. ఈ రెంటి మధ్యా నాకు నిద్ర పట్టడం లేదు.

"పైన సాగర్‌లో నీళ్లు ఆపుతున్నారంట మామయ్యా. మడుగు ఎండిపోతే?" అని అడిగాను.

"నా చిన్నప్పట్నుంచీ చూస్తన్నా, ఈ మడుగు ఎండలేదు. నువ్వెళ్లి ఆ ఇంజను సంగతి చూసుకో."

ఆ ధీమా చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. పడవే పగిలిపోతే వసారాలో ఈ ఇంజను పెట్టుకుని ఏం చెయ్యాలి, పిండిమర నడపాలా?

బండి కదిలాక తువ్వాలు మరిచిపోయానని గుర్తొచ్చి వెనక్కి వెళ్లాను. మామయ్య ఒక్కడే నీటి అంచున వంగి, నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో ఆనవాలుకు ఒక పుల్ల గుచ్చుతున్నాడు. నన్ను చూడలేదు.

తువ్వాలు అక్కడే వదిలేసి వచ్చాను.