పోగు తెగిన తర్వాతి పాట

సూరత్‌లో కోసాడ్ ఆవాస్ బిల్డింగ్ 114లో ఉండే కొక్కుల గంగవ్వ అనే నేను, లక్ష్మీరాజం భార్యను, నలభై తొమ్మిదేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా, తెలివి పూర్తిగా ఉండగా, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. నా తెలివి మీద అనుమానం ఉన్నవాళ్లు వచ్చి కాసేపు నాతో మాట్లాడండి, తీరిపోతుంది.

గురువారం నాకు గర్భసంచి ఆపరేషన్. పెద్దదేమీ కాదని డాక్టర్ అంటున్నాడు. నా కొడుకు జ్వరం కూడా పెద్దదేమీ కాదనే అనుకున్నాం. అందుకే రాస్తున్నాను.

నేను చదివింది ఐదో తరగతి. చట్టం మాటలు రైల్వేలో పనిచేసే రఘుపతి సారును అడిగి రాస్తున్నాను. "గంగవ్వగారూ, ఎవరికి ఏమిస్తున్నారో అంతవరకే రాయండి. తిట్లు వీలునామాలో రాయకూడదండీ" అని ఆయన మొత్తుకుంటున్నారు. తిట్లు తీసేస్తే ఎవరికి ఎందుకు ఇచ్చానో, ఎందుకు ఇవ్వలేదో ఎట్లా తెలుస్తుంది? ఉండనివ్వండి సారూ.

ఇందులో రాసే సామానంతా నా కొడుకు సాయికుమార్‌ది. మొన్నటి వానాకాలం డెంగీతో పోయాడు. పెళ్లి కాని కొడుకు పోతే వాడి ఆస్తి తల్లికే వస్తుందట, తండ్రికి కాదట. మా ఆయనకు ఈ సంగతి ఇది చదివితేనే తెలుస్తుంది. కాబట్టి వాడి వస్తువులు ఎటు పోవాలో చెప్పే హక్కు నాది. నన్ను అడగకుండా ఇప్పటికే పంచుకున్నవాళ్లు వినండి.

ముందు వాడు చేసిన పనేమిటో రాయాలి. బంధువుల్లో ఒక్కరికీ తెలియదు. పగలు ఖటోదరాలో చీరల డిజైన్లు కంప్యూటర్‌లో వేసే ఉద్యోగం. ఇంటికొస్తే మళ్లీ కంప్యూటరే, కాని అప్పుడు సంగీతం. పాడేవాళ్లు ఉండరు, మాటలు ఉండవు. ఎక్కడెక్కడి చప్పుళ్లో పట్టుకొచ్చి, కోసి, అతికించి, సాగదీసి, వాటితోనే పాట చేసేవాడు. ఎవరూ చేయమనలేదు, చేస్తే ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఇంటర్నెట్‌లో పెట్టుకునేవాడు. అయ్యవారిని అడిగి పెట్టిన బంగారంలాంటి పేరుండగా, అక్కడ "బిల్డింగ్ 114" అని పేరు పెట్టుకున్నాడు. మనిషి పేరా అది? పోలాండ్ దేశంలో ఎవరికో బాగా నచ్చిందట. మనవాళ్లు మాత్రం "మీ పోరడు డీజే గదా వదినె, మా బిడ్డ పెండ్లికి జర తక్కువల కొట్టమను" అనేవాళ్లు. డీజే కాదు. వీలునామాలో రాస్తున్నాను, కాదు. డీజే అనేవాడు ఉన్న పాటలు వేస్తాడు. నా కొడుకు లేని పాట చేసేవాడు.

1. నల్ల స్పీకర్లు రెండూ నా భర్త లక్ష్మీరాజానికి చెందవలెను. అమ్ముకోవడానికి కాదు. సేఠ్ మరమగ్గాల ఖాతాలో సాంచెలు నడిపీ నడిపీ నీ చెవులు సగం పోయాయి. ఇంటికొచ్చి "ఏందిరా గీ మోత? పొద్దంతా సాంచెల మోత, ఇంట్ల గిదొకటా?" అని పోరడి మీద అరిచేవాడివి. అది నీ సాంచెల మోతే. ఫోన్‌ను నీ టిఫిన్ సంచిలో దాచి పంపి రికార్డు చేశాడు. సేఠ్ సంచిలో ఫోన్ పట్టుకుని "వీడియో కిస్‌కో భేజ్‌తా హై?" అని, ఎవరికి పంపుతున్నావని నిలదీసి, నిన్ను గేటు బయట నిలబెట్టిన రోజు గుర్తుంది కదా, దాని కథ ఇదే. ఇన్నాళ్లూ నీకు చెప్పలేదు, చెబితే వాడిని తన్నేవాడివి. ఆ స్పీకర్ మీద చెయ్యి పెడితే లోపలి దెబ్బ అరచేతికి తెలుస్తుంది. చెవులతో పనిలేదు. పెట్టి చూడు.

2. పియానో మెట్ల కీబోర్డు నా బిడ్డ హారతికి, కామ్‌రేజ్‌లో ఉన్నదానికి. దసరా నాడు సాంచెలకు పసుపు కుంకుమ పెట్టినట్టే దానికీ పెట్టాను. పసుపు తడి లోపలికి పోయి రెండు మెట్లు ఇరుక్కుపోయాయి. వాడు చేసిన రభస బిల్డింగంతా విన్నది. నాది తప్పని నేను ఇప్పటికీ ఒప్పుకోను. పనిముట్టుకు పూజ చేయని ఇల్లు ఉంటుందా? తర్వాత వాడే "రహనే దే మమ్మీ, గట్లనే మంచిగున్నది" అన్నాడు. ఆ రెండు మెట్లు లేకుండానే పాటలు చేశాడు. హారతీ, నీకు శుభ్రం పిచ్చి. దానికి మాత్రం గుడ్డ తగిలించకు.

3. గోపాల్‌కు, అంటే మా మరిది కొడుక్కి, పెళ్లిళ్లకు గణపతికి డీజే బండి నడిపేవాడికి, కంప్యూటర్ చెందదు. వాడికి రంగులు మారే లైటు మాత్రం ఇస్తున్నాను. అది తళతళలాడుతుంది, గోపాల్‌కు తగ్గ వస్తువు.

కారణం రాస్తాను. సాయి చివరగా చేసిన పాట ఒకటి ఉంది. దాన్ని పదకొండో దినం భోజనాలప్పుడు పెద్ద స్పీకర్లలో వేద్దామని గోపాలే అన్నాడు. అక్కడిదాకా మంచిదే. సాంచెలు నడుస్తున్నట్టే పాట మొదలైంది. అందరూ తలలూపుతూ తింటున్నారు. నడిమిట్ల ఒక్కసారి చప్పుడు తడబడి, పోగు తెగితే సాంచె మోత ఎట్లా మారుతుందో అట్లా మారింది. అది వాడు కావాలని పెట్టింది. పంక్తిలో కూర్చున్నది అంతా సాంచెల మీద బతికినవాళ్లేనాయె. "పోగు తెగింది! బంద్ చెయ్యిండ్రి!" అని సగం మంది విస్తరి ముందు నుంచి లేచారు. చెవులు సరిగా వినబడని మా ఆయనకు ఆ తేడా మాత్రం వినబడింది. ఎంగిలి చేత్తోనే ఉరికి స్విచ్ ఆపేశాడు. ఆపి, పెద్ద పని చేసినట్టు వచ్చి కూర్చుని పప్పు వేయించుకున్నాడు. రఘుపతి సారు బిడ్డ సుప్రజ ఒక్కతే "ఆపకండి అంకుల్, ఇంకా ఉంది, ఇంకా ఉంది!" అని అరుస్తూనే ఉంది. ఎవరు విన్నారు? పెరుగు వచ్చేసింది.

ఇక గోపాల్ ఏం చేశాడు? ఆ పాటను తన ఫోన్లో ఎక్కించుకుని, తడబడిన చోటు కోసేసి, అక్కడి నుంచి చివరిదాకా తీసేసి, డోలు కలిపాడు. "పెద్దమ్మా, అన్న పాట ఖరాబై ఉండె. నేను సాఫ్ చేసిన. గణపతికి వేస్తే పబ్లిక్ పాగల్ అయితది" అని నాకే వినిపించాడు. ఒరే గోపాల్, నిన్ను ఎత్తుకుని పెంచిన చేయి గనక ఆ రోజు కొట్టలేదు. నీ ఫోన్లో ఉన్నది రఘుపతి సారు ముందర చెరిపేయవలెను. చెరిపితేనే లైటు.

4. కంప్యూటర్, హెడ్‌ఫోన్లు, అందులోని పాటలన్నీ సుప్రజకు చెందవలెను. సాయితో కలిసి చదివింది, తానూ ఇట్లాంటి సంగీతమే చేస్తుంది. వాళ్లిద్దరి మధ్య ఇంకేమన్నా ఉండేదా అని అడగాలనుకునేవాళ్లు నన్ను అడగండి, ఆ పిల్లను అడగొద్దు. నేనూ చెప్పను. సగం చేసి వదిలేసిన పాటలు ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ సమయానికి పూర్తి చేసిన మనిషి కాదు వాడు. అమ్మా సుప్రజా, వాటిని ఏమైనా చేసుకో. కోసుకో, అతికించుకో, నీ పేరు కూడా పెట్టుకో. చివరి పాటను మాత్రం ముట్టొద్దు.

5. ఆ చివరి పాట ఎవరికీ ఇవ్వడం లేదు. దాని మీద నాకు కోపం. ఒళ్లు కాలిపోతుంటే "దవాఖానకు పోదాం లేరా" అంటే "ఏక్ మినిట్ మమ్మీ, బస్ ఎండింగ్ బాకీ హై" అన్నాడు, పాట ముగింపు ఒక్కటే మిగిలిందని. పొద్దున అన్నాడు, మాపటికీ అదే అన్నాడు. నేను తిట్టాను, ఏడ్చాను, వైరు పీకుతానన్నాను. వాడు ఎండింగ్ పూర్తి చేసే లేచాడు. అప్పటికి ఆలస్యమైంది. అంత ప్రాణం పెట్టిన ఎండింగ్‌ను మీరు పప్పన్నం తింటూ ఆపేశారు, గోపాల్ కోసి పారేశాడు. నేను కూడా ఇప్పటిదాకా వినలేదు. వింటే ఇక వాడి దగ్గరి నుంచి నాకు కొత్తది ఏమీ రాదు. అందుకే దాచుకున్నాను. సుప్రజ చెప్పబోతే నోరు మూయించాను.

నేను పోయాక వేయండి అని రాద్దామనే కూర్చున్నాను. రాస్తుంటే ఒళ్లు మండింది. నేను పోయాక మీరు వింటే నాకేం లాభం? అందుకని ఈ అంశం నేను బతికుండగానే అమలు కావలెను. బుధవారం సాయంత్రం సుప్రజ వచ్చి ఆ పాట మొత్తం వేయవలెను. మా ఆయన స్విచ్‌కు దూరంగా కూర్చోవలెను. హారతి రావలెను. గోపాల్ కూడా రావచ్చు, ఫోన్ గుమ్మం బయట పెట్టి. తిండి ఏమీ పెట్టను. పాట అయిపోయేదాకా ఎవరూ లేవరాదు. ఆస్పత్రికి నేను అది వినే పోతాను. నా కొడుకును అంత సేపు కూర్చోబెట్టింది ఏమిటో నాకు తెలియాలి.

ఆపరేషన్ నుంచి బతికి వస్తే ఈ వీలునామా చింపేయండి. కంప్యూటర్ అప్పుడు కూడా గోపాల్‌కు లేదు.

తేదీ: 16 నవంబర్ 2025, ఆదివారం, కోసాడ్, సూరత్.

సంతకం (వేలిముద్ర కాదు): కొక్కుల గంగవ్వ

సాక్షులు:
1. రఘుపతి, రైల్వే ఉద్యోగి (తిట్లు తీసేయమని చెప్పి చూశాను)
2. విజయశ్రీ, బిల్డింగ్ 114, పక్కింటి ఆమె