మేక తాగిన అంబలి

అగ్రికో ఉక్కు కార్మికుల కాలనీ, 1983. మంగళవారం రాత్రి.

కోడలు ఆసుపత్రి డ్యూటీకీ పిల్లాడి బడికీ మధ్య నలిగిపోతోంది. అందుకే పాలలో కలిపితే చాలనే ఆ కొత్త డబ్బా పొడి కొన్నప్పుడు నేనేమీ అనలేదు. మనవడికి చోడి అంబలి మాత్రం రోజూ నేనే కాశాను. అంబలి కాయడం అందరివల్లా అయ్యే పని కాదు. కొలిమి దగ్గర జుట్టు నెరిసినవాణ్ణి, ఉండ కట్టనిస్తానా? వాడి బుగ్గలు నా అంబలివేనని బజారంతా చెప్పుకున్నాను.

ఇవాళ వెనక క్వార్టర్ పైడమ్మ ఆపింది.

"బాబూ, మీ అంబలికి మా మేక ఎలా బలిసిందో సూడండి! అమ్మగారు రోజూ తెచ్చి పోత్తన్నారు."

ఇంటికొచ్చి అడిగితే మనవడు దాచలేదు. "తాతా, ముఝే డబ్బేవాలా అచ్ఛా లగ్‌తా హై." బడి హిందీలో, డబ్బాదే ఇష్టమట.

పిల్లాడు, పోనీ. సత్యవతి నా భార్య కదా! రోజూ ఖాళీ గ్లాసు చూపించి, "సుక్క మిగల్లేదండీ, మీ సేతి మహిమ" అనేది.

"ఏటే ఈ పని?" అన్నాను.

"మీరు నొచ్చుకుంతారని" అంది. ఇప్పుడు హాయిగా నిద్రపోతోంది.

నా కబుర్లకి పెళ్లైన నాటినుంచీ అందరికంటే ముందు నవ్వేది ఈవిడే. ఆ నవ్వు కూడా...