సబ్బు తగిలిన రొయ్యల కిట్టు

చిరంజీవి తమ్ముడు శీనయ్యకి, హైదరాబాదు నుంచి అక్క రమణమ్మ దీవించి రాయించేది. నేను ప్రాణంతో ఉన్నాను. నువ్వూ మరదలు కోటమ్మా పిల్లలూ ఎట్టున్నారో నువ్వు చెప్పవు, ఫోనెత్తవు. అందుకే మా కంపెనీలో పనిచేసే సుజాత చేత రాయించి, బిట్రగుంట పోయే మనిషి చేతికిస్తున్నాను. చింపకుండా చదువు.

ఇక్కడ నాకేం లోటు లేదు. రొయ్యల జబ్బు చూసే కిట్లు చేసేకాడ గాజు సీసాలు కడగతా ఉన్నాను. చలికి చేతులు పగిలినాయి, అంతే. ఐసులో పెట్టిన చేప నోట్లోకి పోక పచ్చడి మెతుకులు తింటా ఉన్నాను. మాట్లాడేదానికి ఈ సుజాత తప్ప మనిషి లేదు.

నేను పంపిన కిట్టు జబ్బు లేదని చూపించిందనీ, ఆ వారంలోనే మొదటి గుంటలో రొయ్యలన్నీ తెల్లమచ్చ జబ్బుతో చచ్చి తేలినాయనీ, "మా అక్కే నన్ను ముంచింది" అని ఊరంతా చెబుతున్నావంట. "ఆ మాట వద్దులే పెద్దమ్మా" అంటా ఉంది సుజాత. రాయమన్నాను.

విను. కిట్టులో పాలలాగుండే మందు ఉంటాది కదా, దాంట్లో కంటికి ఆనని పూసలుంటాయి. వాటిమీద జబ్బును పట్టే ప్రొటీను ఉంటాదంట. జిగురుతో అతికించరు, దానంతట అదే కరుచుకోనుంటాది. ఉప్పునీళ్లతో ఎన్నిమార్లు కడిగినా వదలదు. రొయ్యని నలిపిన రసం దాంట్లో కలిపితే, జబ్బుంటే పాలు విరిగినట్టు విరుగుతాది. సబ్బు తగిలిందా, ప్రొటీను జారిపోతాది. ఇంక జబ్బున్నా విరగదు.

కోటమ్మ ఏడస్తా ఫోన్ చేసినప్పుడు మందు కలిపే గిన్నె ఎట్ట కడిగినావని అడిగినాను. "గుంట కాడ వస్తువు కదా వదినా, జబ్బు అంటుకుంటాదని సర్ఫు నీళ్లలో ముంచి అట్టే ఆరబెట్టినాను" అన్నది. మన గుంటల మీద ఎవురైనా అంతే చేస్తారు. సబ్బు తగలకూడదని డబ్బామీద ఇంగ్లీషులో ఉందంట. ఎవురికి, రొయ్యలు చదువుకునేదానికా? కంపెనీ అయ్యని అడిగితే "రాసినాం కదా" అని లోపలికి పోయినాడు.

కోటమ్మ మీద చెయ్యెత్తినావని తెలిసిందా, రైలెక్కి వచ్చి నీ సంగతి చూస్తాను. అది సర్ఫుతో కడిగింది నీ గుంట కోసమే.

రెండో గుంటని కూడా ఆ గిన్నెలోనే చూసి, బాగుందని కూర్చున్నావంట. మిగిలిన కిట్టు తియ్యి. కొత్త గ్లాసు ఒట్టి మంచినీళ్లతో కడిగి, ఆరినాక చూడు. విరిగితే రొయ్య బరువు పెరగాలని చూడొద్దు, ఉన్నకాడికి పట్టించి అమ్మెయ్యి. ఆ గుంట నీళ్లు కాలవలోకి వదిలి కింద గుంటలోళ్ల కడుపు కొట్టొద్దు.

చిన్నాయనకి నా దండాలు చెప్పు. పిల్లలు చల్లగా ఉండాల. నన్ను తిట్టేది తర్వాత తిట్టు. ముందు గుంట కాడికి పో.

ఇట్లు,
వేలిముద్ర వేసిన నీ అక్క
రమణమ్మ