చప్పుడు అక్కర్లేదు

అమ్మాయీ,

ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక, ఈ నాలుగు ముక్కలూ రాసి నువ్వు బడికి తీసుకెళ్ళే సంచిలో పెడుతున్నాను.

నిన్న వంటగది అద్దాల తలుపు అవతల నువ్వు అబ్బాయితో అన్న మాటలు నాకు తెలిశాయి. "గొంతుకి విశ్రాంతి ఇవ్వకపోతే పాఠాలు చెప్పడం మానుకోవాల్సిందేనన్నాడు డాక్టరు" అన్నావు. "నాన్నని కొన్నాళ్ళు అక్క దగ్గరుంచుదామా?" అన్నాడు వాడు. "వద్దు, మామయ్య చిన్నబుచ్చుకుంటారు. ఆయనకి వినపడేలా అరవడం నాకు అలవాటేలే" అన్నావు.

నా చెవులు మగ్గాల మిల్లులోనే పోయాయి. ఆ రొదలో మాకెవరికీ మాట వినపడేది కాదు. పెదవుల కదలిక చూసుకుంటూనే కబుర్లూ తగాదాలూ నడిచేవి. మీ అత్తయ్యని నేను పెళ్ళికి అడిగిందీ, ఆవిడ నన్ను తిట్టిందీ అలాగే. ఆ చూపు నాకింకా పోలేదు.

ఈ సంగతి ముందే చెప్పాల్సింది. తెలిస్తే మీరు నా ముందు మాట్లాడుకోవడం మానేస్తారని భయపడ్డాను. మీ కబుర్ల మీద ఆశకొద్దీ నీ గొంతు పాడుచేశాను. తప్పు నాదే తల్లీ.

ఇక నాకోసం అరవకు. నా వైపు తిరిగి పెదవులు కదిపితే చాలు. నాకు తెలియకూడని మాటలుంటే అటు తిరిగి మాట్లాడుకోండి, నేనేమీ అనుకోను.

మీ మామయ్య